వీర్య నాణ్యత, సంతాన చికిత్స: కర్నూలు, కడప సీమల నుంచి ఒక చరిత్ర



ఈ పాఠం శీర్షిక చూసి, జీవశాస్త్రం వాళ్ళకు వెళ్ళవలసినది పొరపాటున చరిత్ర పుస్తకంలోకి వచ్చిందేమోనని మీలో కొందరికి అనిపించవచ్చు. పొరపాటేమీ లేదు. వైద్యానికి చరిత్ర ఉన్నట్టే పరీక్షకూ, నిందకూ చరిత్ర ఉంటుంది. పిల్లలు కలగని ఇంట్లో ముందు ఎవరిని పరీక్షించారు, ఎవరిని నిందించారు, ఎవరి జోలికి ఎన్నేళ్ళు పోకుండా వదిలేశారు? ఇవి సామాజిక చరిత్ర తప్పక అడగవలసిన ప్రశ్నలు. మన సీమ నుంచే మొదలుపెడదాం.

1. నంద్యాల కేంద్రం, ఒక విద్యార్థిని ఫైలు

నంద్యాలలో పశువుల ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయ్యేవరకు అది కర్నూలు జిల్లా సంస్థగానే మనకు తెలుసు. ఇలాంటి కేంద్రాలలో ఆబోతు నుంచి సేకరించిన వీర్యాన్ని నేరుగా వాడరు. ముందు సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కణాలు ఎన్ని ఉన్నాయి, వాటిలో చురుకుగా ముందుకు ఈదేవి ఎన్ని అని లెక్కిస్తారు. కేంద్ర ప్రభుత్వ కనీస ప్రమాణాల ప్రకారం ఒక్కో డోసులో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలి. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిల్వ చేసే ఈ వీర్యంలో కొంత తీసి, కరిగించి, మళ్ళీ చూస్తారు. కనీసం సగం కణాలలో కదలిక లేకపోతే ఆ విడత పనికిరాదు. డోసు నింపే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని స్ట్రా అంటారు. పట్టేది పావు మిల్లీలీటరే. అయినా దాని మీద ఆబోతు సంఖ్య, సేకరించిన తేదీ అచ్చువేసి ఉంటాయి. ఆవు రెండు మూడు సార్లు తిరగపొర్లితే రైతు ఒక్క ఆవునే తప్పుపట్టి ఊరుకోడు. సూది వేసిన వేళ సరైనదేనా, స్ట్రా మంచిదేనా అని గోపాలమిత్రను కూడా నిలదీస్తాడు. వేరుశనగ విత్తనానికి మొలక చూసుకోకుండా సాలు పట్టని రైతు కదా!

ఇప్పుడు రెండో దృశ్యం. చాలా ఏళ్ళ కిందట కర్నూలులో కాంటాక్టు తరగతులు ముగిశాక ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. పరీక్ష రాయలేకపోతున్నానని, ఫీజు వచ్చే ఏటికి మళ్ళించుకునే వీలుందా అని అడిగింది. కారణం చెప్పడానికి చేతిసంచిలోంచి ఫైలు తీసింది. తొమ్మిదేళ్ళ స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భాశయ నాళాల ఎక్స్‌రేలు, రెండు ఆపరేషన్ల కాగితాలు. అన్నీ ఆమె పేరు మీదే. "మీ ఆయనవి ఏవమ్మా?" అన్నాను. "ఆయనకేం సార్, బాగానే ఉన్నారు" అంది. ఆ ఫైలులో భర్త పేరు మీద ఒక్క కాగితమూ లేదు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కానీ ఒక పక్షం పత్రాలు మాత్రమే ఉన్న దస్తావేజుల కట్టను చూసి అనుమానించడం నా వృత్తి.

ఒకే నేల మీద ఆబోతు వీర్యానికి విడతవిడతకూ పరీక్ష ఉంది, మగవాడి వీర్యానికి తొమ్మిదేళ్ళకు ఒక్క పరీక్షా లేదు. ఈ తేడా ఎలా వచ్చింది?

2. నింద ఎవరి మీద?

ముందు మన మాటలనే పరిశీలించండి. పిల్లలు లేని స్త్రీకి తెలుగులో 'గొడ్రాలు' అనే మాట ఉంది. శుభకార్యంలో ఎదురొస్తే ముఖం తిప్పుకునేంత బరువున్న మాట అది. పిల్లలు లేని పురుషుణ్ణి అంతగా గుచ్చే మాట వాడుకలో వెతికితే దొరకదు. మాట లేనిచోట నింద కూడా నిలవదు. గుళ్ళో వరపడేది ఆమె, ఉపవాసాలు ఆమెవి, దర్గాలో తాయెత్తు కట్టించుకునేదీ ఆమే.

శాస్త్రాలూ ఈ పక్షపాతానికి తోడయ్యాయి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం, భార్యకు సంతానం కలగకపోతే ఎనిమిదో ఏట, ఆడపిల్లలే పుడితే పదకొండో ఏట మరొక స్త్రీని పెళ్ళాడవచ్చని గడువులు చెప్పింది. కర్నూలు, కడప అప్పట్లో మద్రాసు పాలనలో ఉండేవి. మద్రాసు రాష్ట్రం 1949లో హిందువుల ద్విభార్యత్వాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అంతవరకు పిల్లలు లేకపోవడం రెండో పెళ్ళికి అందరూ ఒప్పుకునే కారణం. రెండో భార్యకూ కడుపు పండకపోతే ఇంటికేదో శాపం ఉందనేవారు తప్ప, ఇద్దరు స్త్రీలకూ ఉమ్మడిగా ఉన్న ఒకే ఒక్క మనిషి వైపు వేలు చూపేవారు అరుదు.

అయితే మన పూర్వులకు పురుష దోషం తెలియదనుకుంటే పొరపాటు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో గర్భం నిలవడానికి నాలుగు కావాలని ఉంది: ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం. సకాలం, మంచి పొలం, నీరు, మంచి విత్తనం అని సేద్యగాడి భాషలో చెప్పుకోవచ్చు. అదే గ్రంథం శుక్రానికి ఎనిమిది దోషాలను వర్గీకరించింది. చరక సంహితలోనూ ఎనిమిది దోషాల వర్గీకరణ ఉంది. మహాభారతంలో విచిత్రవీర్యుడు, పాండురాజు కథలు వినని తెలుగువారు ఉండరు. వంశం నిలవడానికి అక్కడ అడ్డం వచ్చినది స్త్రీలు కారు. అంటే జ్ఞానం గ్రంథాలలో ఉంది, పురాణంలోనూ ఉంది. ఇంటి వ్యవహారంలోకి మాత్రం రాలేదు. జ్ఞానం ఉండటం వేరు, దాన్ని ఎవరి మీద ప్రయోగిస్తారన్నది వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

3. సూక్ష్మదర్శిని కింద

1677లో శివాజీ దక్షిణ దండయాత్రకు వస్తూ శ్రీశైలం దర్శించాడని మరాఠా చరిత్ర పాఠంలో చదివారు. అదే సంవత్సరం హాలెండులో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకంతో వీర్యాన్ని పరిశీలించి, అందులో తోకలున్న సూక్ష్మజీవులు ఈదుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. అవి ఏమి చేస్తాయో తెలియడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. 18వ శతాబ్దంలో ఇటలీకి చెందిన స్పల్లన్‌జానీ ఒక ఆడకుక్కకు పిచికారీతో వీర్యం ఎక్కించగా మూడు పిల్లలు పుట్టాయి. వీర్యాన్ని వడకడితే వడగట్టిన నీటికి శక్తి పోయిందని, వడపోత కాగితం మీద మిగిలినదానికి ఉందని కూడా ఆయనే చూపాడు. అయినా ఆ కణాలు పరాన్నజీవులనే నమ్మాడు! కళ్ళెదుట ఉన్న ఆధారం కూడా పాత నమ్మకాన్ని వెంటనే కదిలించలేదనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1876లో జర్మనీకి చెందిన హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ల అండంలో వీర్యకణపు కేంద్రకం, అండ కేంద్రకం కలవడం చూశాక సందేహం తీరింది.

లెక్కపెట్టడం 20వ శతాబ్దపు పని. 1929లో అమెరికాలో మాకోంబర్, శాండర్స్ అనే వైద్యులు మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలను హద్దుగా సూచించారు. 1951లో మెక్‌లియోడ్, గోల్డ్ పిల్లలున్న వెయ్యిమందిని, పిల్లలు లేని జంటల్లోని వెయ్యిమందిని పోల్చి చూసి 2 కోట్లకు దించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో మొదటి కరదీపిక ప్రచురించింది. ఆరో కూర్పు 2021లో వచ్చింది.

ఈలోగా పశువుల విషయంలో శాస్త్రం మరింత వేగంగా నడిచింది. మన దేశంలో మొదటి కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా జరిగింది. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిజరిన్ కలిపితే గడ్డకట్టించిన వీర్యకణాలు కరిగించాక బతుకుతాయని కనుగొన్నారు. నిజానికి అది సీసాల తారుమారు వల్ల బయటపడింది. చక్కెర ద్రావణం అనుకొని వాడిన సీసాలో గ్లిజరిన్ ఉంది. 1953లో మానవ వీర్యాన్నీ గడ్డకట్టించి వాడి గర్భం సాధించారు. నంద్యాల స్ట్రాకూ, నేటి వీర్య బ్యాంకులకూ మూలం ఒకటే.

4. రిపోర్టును ఆధారంగా చదవడం

ఇప్పుడు కర్నూలు, కడప పట్టణాలలో 'సంతాన సాఫల్య కేంద్రం' బోర్డులు కనిపిస్తున్నాయి. వీర్య పరీక్ష చిన్న ల్యాబులో కూడా చేస్తారు. ఆ కాగితాన్ని శాసనాన్ని చదివినట్టు చదవడం నేర్చుకోవాలి.

2021 కూర్పు ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం మీద 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, సరైన ఆకృతి ఉన్నవి 4 శాతం. ఇవి పరీక్షలో పాస్ మార్కులు కావు. భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన పురుషుల వీర్యాన్ని పరిశీలించి, అందులో అట్టడుగున ఉన్న 5 శాతం ఎక్కడ మొదలవుతారో అక్కడ గీత గీశారు. అంటే గీత కింద ఉన్న తండ్రులూ ఉన్నారు. గీత పైనున్నా పిల్లలు కలగనివారూ ఉంటారు. 4 శాతం చూసి 'నూటికి తొంభై ఆరు చెడిపోయాయట' అని కుంగిపోయే యువకులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది, తేదీ. ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత నాళాల్లో పక్వం కావడానికి మరికొన్ని రోజులు. కాబట్టి ఈ రోజు ఇచ్చిన నమూనా మూడు నెలల వెనుకటి శరీర స్థితిని చెబుతుంది. వృషణాలు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని సరిగా సాగుతుంది. మన మే నెల ఎండ మీకు చెప్పనక్కరలేదు. ఆ ఎండకు తోడు సున్నపు బట్టీ, ఇటుక బట్టీ, సిమెంటు కర్మాగారపు కొలిమి దగ్గర పనిచేసేవారి శరీరం వేడిని రెట్టింపుగా మోస్తుంది. ఎక్కువ జ్వరం వచ్చి తగ్గినా అంతే. మేలో దెబ్బతింటే జూలై, ఆగస్టు నమూనాలో కనిపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పరు, కొంత వ్యవధితో రెండోసారి చూస్తారు. ఒకే శాసనం మీద రాజ్య చరిత్ర కట్టవద్దని మీకు చెప్పిన నియమమే ఇది.

మూడోది మన కడప వారికి ప్రత్యేకంగా సంబంధించినది. పూర్వపు కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వేలమంది కువైట్ తదితర గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్నారు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చే భర్త ఉన్న కొద్ది రోజుల్లో పరీక్ష, చికిత్స రెండూ ముగించాలని ఆ ఇంట్లో ఆత్రం. నమూనాకు ముందు రెండు నుంచి ఏడు రోజుల ఎడం ఉండాలని నియమం. వారాల తరబడి ఎడం ఉంటే సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది కానీ కణాలు పాతబడి కదలిక తగ్గుతుంది, వాటిలోని డీఎన్ఏ తునకలవడం పెరుగుతుంది. సంఖ్య చూసి సంతోషించేవారు ఈ మెలిక గమనించరు. వచ్చినప్పుడు వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకునే వీలుందని కూడా చాలామందికి తెలియదు.

ఇక పత్రికల్లో కనిపించే 'వీర్యవృద్ధి' ప్రకటనల గురించి ఒక్క మాట. విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్లు ఇస్తే నాణ్యత పెరుగుతుందా అని అమెరికాలో జాగ్రత్తగా జరిపిన ప్రయోగ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే వీర్యంలో గాని, పుట్టిన శిశువుల సంఖ్యలో గాని మెరుగు కనిపించలేదు.

5. ఒక్క కణం చాలా?

1978 జూలై 25న ఇంగ్లండులో, అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో పరీక్షనాళిక శిశువులు పుట్టారు. కలకత్తాలో ఆ పని సాధించిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను ప్రభుత్వ విచారణ సంఘం నమ్మలేదు. ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. 1986 ఆగస్టు 6న ముంబైలో పుట్టిన శిశువునే దేశంలో మొదటిదిగా లెక్కించారు. ఆ బృందానికే చెందిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ 1997లో ముఖోపాధ్యాయ పత్రాలు చదివి, ఘనత ఆయనదేనని స్వయంగా ప్రకటించారు. పత్రాలు పదిలంగా ఉంటే న్యాయం ఆలస్యంగానైనా జరుగుతుంది.

చికిత్సల్లో వీర్య నాణ్యత ఎక్కడ అడ్డం వస్తుందో చూద్దాం. ఐయూఐలో వీర్యాన్ని కడిగి, చురుకైన కణాలను ఏరి, అండం విడుదలయ్యే వేళకు గర్భాశయంలో ఉంచుతారు. కడిగాక కదిలే కణాలు దాదాపు 50 లక్షల కన్నా తగ్గిపోతే ఫలితం బాగా పడిపోతుంది. ఐవీఎఫ్‌లో గాజు పళ్ళెంలో ఒక్కో అండం చుట్టూ 50 వేల నుంచి లక్ష కణాలు ఉంచుతారు. వాటిలో ఒకటి తనంతట తాను చొచ్చుకుపోవాలి. అదీ చేతకాని వీర్యానికి 1992లో బ్రసెల్స్‌లో పలెర్మో బృందం దారి చూపింది. సన్నని సూదితో ఒకే ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించడమే ఇక్సీ. కోట్ల నుంచి లక్షకు, లక్ష నుంచి ఒకటికి! దాంతో 'ఒక్క కణం చాలు, ఇక నాణ్యతతో పనేముంది' అనే భావం వ్యాపించింది.

ఇది సగమే నిజం. ఇక్సీ ఈదలేని కణాన్ని గమ్యం చేర్చగలదు. ఆ కణం మోసుకొచ్చిన సరుకును మార్చలేదు. పిండంలోని జన్యువుల్లో సగం తండ్రివి. మొదటి విభజనను నడిపే సెంట్రియోల్ కూడా వీర్యకణమే తెస్తుంది. పైగా తండ్రి పక్షపు దోషం ఆలస్యంగా బయటపడుతుంది. మొదటి రెండు మూడు రోజులు పిండం తల్లి అండంలో దాచిన సరుకుతోనే బతుకుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశకు వచ్చాక గాని పిండం సొంత జన్యువులు మేల్కొనవని 1988లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపారు. వీర్యంలోని డీఎన్ఏ బాగా తునకలై ఉంటే అండం కొంతవరకు మరమ్మతు చేస్తుంది. అది మించితే పిండం అయిదో రోజుకు చేరదు, చేరినా అంటుకోదు, అంటుకున్నా కొన్ని వారాలకు గర్భస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. గర్భం అసలు రాకపోతే భర్తను అనుమానించేవారు ఇప్పుడు కొందరైనా ఉన్నారు. వచ్చి పోతే మాత్రం అందరూ ఆమెనే అంటారు. 'కడుపు నిలవలేదు', 'బరువు మోసింది', 'బస్సు ఎక్కింది' అంటారు. వీర్యంలోని దోషం ఆమె గర్భంలో బయటపడింది కాబట్టి అది ఆమె దోషమై కూర్చుంది.

దీనితో ముడిపడిన మరో నష్టం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. చికిత్స ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది స్త్రీ వయసు. 35 దాటాక అవకాశం తగ్గుతూ, 40 వైపు వేగంగా పడిపోతుంది. అండానికి మరమ్మతు చేసే శక్తి కూడా వయసుతో సన్నగిల్లుతుంది. భర్త పరీక్షకు ఒప్పుకోని తొమ్మిదేళ్ళలో ఆయన వీర్యం మారలేదనే అనుకుందాం, ఆమె వయసు తొమ్మిదేళ్ళు పెరిగింది. మొదటి నెలలో ఒక నమూనా ఇచ్చి ఉంటే సులువుగా తేలే సంగతి, చివరకు ఖరీదైన ఇక్సీ దాకా వచ్చి అక్కడా విఫలమవుతుంది. ఆ వైఫల్యాన్నీ ఆమె వయసు ఖాతాలోనే రాస్తారు. వ్యతిరేక దిశలో జరిగే తప్పూ ఉంది. వీర్యం బాగానే ఉన్న జంటలకూ ఇక్సీ చేస్తున్నారు. వియత్నాంలో వెయ్యికి పైగా జంటల మీద జరిపిన ప్రయోగం, అలాంటివారికి మామూలు ఐవీఎఫ్ కంటే ఇక్సీ వల్ల ఒరిగేదేమీ లేదని 2021లో తేల్చింది. పొలం అమ్మి చికిత్సకు వచ్చే కుటుంబానికి ఈ తేడా తెలియాలి.

వీర్యకణాలు అసలు కనిపించని పురుషుల సంగతి వేరు. హైదరాబాదులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం ఇలాంటి భారతీయ పురుషుల వై క్రోమోజోమును పరీక్షించి, కొందరిలో దాని ముక్కలు లోపించడమే కారణమని 2003లో ప్రకటించింది. ఒకరకం లోపంలో వృషణాల నుంచి నేరుగా కణాలు తీసి ఇక్సీ చేయవచ్చు. అయితే పుట్టే కొడుక్కి తండ్రి వై క్రోమోజోమే వస్తుంది, లోపమూ వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి, దంపతుల నిర్ణయానికి వదలడం వైద్యుని బాధ్యత.

6. పత్రాలు, క్షేత్రకార్యం

సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2021 డిసెంబరులో ఆమోదం పొంది, 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్రాలు నమోదు చేసుకోవాలి. చికిత్సకు స్త్రీకి 21 నుంచి 50, పురుషునికి 21 నుంచి 55 ఏళ్ళు వయోపరిమితి. ఒక దాత వీర్యాన్ని ఒక జంటకు మించి ఇవ్వరాదు. చరిత్రకారుడిగా నన్ను ఆకర్షించినది మరో నిబంధన: కేంద్రాలు తమ రికార్డులను కనీసం పదేళ్ళు భద్రపరచి, తర్వాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. భర్తల కాగితాలు కూడా ఉన్న ఫైళ్ళు రేపటి పరిశోధకులకు దొరకవచ్చు.

ఈ పాఠానికి మీరు చేయవలసిన పని. మీ మండల పశువైద్యశాలకు వెళ్ళి, సిబ్బంది అనుమతితో ఒక వాడేసిన స్ట్రా అడిగి తీసుకోండి. దాని మీద అచ్చయిన వివరాలన్నీ మీ నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత మీకు బాగా తెలిసి, ఇష్టపూర్వకంగా మాట్లాడే జంట ఎవరైనా ఉంటే రెండే ప్రశ్నలు అడగండి. పేరు, ఊరు రాయవద్దు. చెప్పడానికి ఇష్టపడకపోతే అక్కడితో ఆపండి, బలవంతం చేయవద్దు. భార్యకు మొదటి పరీక్ష ఏ సంవత్సరంలో జరిగింది? భర్తకు మొదటి పరీక్ష ఏ సంవత్సరంలో జరిగింది? ఆ రెండు సంవత్సరాలను స్ట్రా వివరాల పక్కనే రాసి, మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయో లెక్కవేసి జవాబు పత్రంతో జతచేయండి.